గది మారితే మనిషి మారతాడా?



ఒక ఆదివారం రెండో పూజ ముగిసిన తర్వాత గుడి వరండాలో నిలబడి ఉండగా ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్న మన అల్లవరం కుర్రవాడొకడు నా దగ్గరకు వచ్చాడు. "ఫాదర్ గారండీ, ఒక సందేహమండి" అన్నాడు. చదువుకునే పిల్లల సందేహాలు సామాన్యంగా పరీక్షల ముందు పూజ చెప్పించటం గురించి ఉంటాయి. ఇది అలాంటిది కాదు.

"రెండు నలుసులు ఉన్నాయనుకోండి. కంటికి కనబడనంత చిన్నవి. ఒకటి వేడిది, ఒకటి చల్లది. మధ్యలో గాలి కూడా లేదు. ఆ నలుసులను అసలు ముట్టుకోకుండా చుట్టూ ఉన్న అద్దాలను మాత్రం కాస్త అటూ ఇటూ జరిపితే, దీని నుంచి దానికి పోయే వేడిని వందల రెట్లు పెంచవచ్చునట, దాదాపు ఆపివేయవచ్చునట. నలుసులు అవే, వాటిలో వేడి అదే. గోడలు మారాయంతే. మరి మనుషులూ అంతేనాండి? అంతే అయితే దేవుడు పాపం ఎవరి ఖాతాలో రాస్తాడండి, మనిషి ఖాతాలోనా, గోడ ఖాతాలోనా?"

రెండు వారాలు గడువు అడిగాను. నాలుగు వారాలు పట్టింది. సెమినరీలో తత్వశాస్త్రం చదివి ముప్ఫై ఏళ్ళు దాటింది. పుస్తకాలకు చెదలు పట్టకపోయినా నా బుర్రకు పట్టింది. అతనికి చెప్పిన జవాబునే, కొంచెం విస్తరించి, ఇక్కడ రాస్తున్నాను. అతనికి చెప్పలేకపోయినది కూడా రాస్తున్నాను.

ముందు ఆ వేడి సంగతి. భోగినాడు తెల్లవారుజామున మంట దగ్గర నిలబడినప్పుడు ముఖం చురచుర కాలుతూ ఉంటుంది. వీపు మాత్రం మంచుకు వణుకుతూ ఉంటుంది. మీకూ మంటకూ మధ్యనున్న గాలి చల్లగానే ఉంది. ఎవరైనా పెద్దమనిషి వచ్చి మీకు ముందు నిలబడితే ఆ క్షణంలోనే వేడి ఆగిపోతుంది. అంటే ఆ వేడి గాలిలో ఈదుకుంటూ రాలేదు, వెలుగులాగా సూటిగా వచ్చింది. కంటికి కనబడని ఈ వెలుగును పరారుణ కిరణాలు అంటారు. 1995 జనవరి 8న మన కోనసీమలోనే పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి పేలి 65 రోజులు మండింది. ఆ మంట మండినన్నాళ్ళూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇళ్ళు విడిచి పోవలసి వచ్చింది. మంట వాళ్ళ ఇళ్ళను తాకనక్కరలేకుండానే దాని వేడి అంత దూరం వచ్చింది. సూర్యుని నుంచి మనకు వచ్చే వేడీ ఇలాగే ఏమీ లేని చోటు దాటి వస్తోంది.

మంటకే కాదు, ప్రతి వస్తువుకూ ఈ గుణం ఉంది. మీ చేతిలోని ఈ పత్రికా, మీ పక్కన కూర్చున్న మనిషీ ఇప్పుడు వేడిని వెలుగుగా వెదజల్లుతూనే ఉన్నారు. ఎంత వేడి వస్తువు ఎంత వెదజల్లగలదో 1900లో జర్మనీ దేశస్థుడు మాక్స్ ప్లాంకు సూత్రం కట్టాడు. దానికి మించి పోదనేది చాలాకాలం శాస్త్రజ్ఞుల నమ్మకం. కాని అది దూరదూరంగా ఉన్న వస్తువులకు వర్తించే మాట. బాగా దగ్గర పడితే సంగతి వేరు. వేడిగా ఉన్న ప్రతి వస్తువు పైనా ప్రయాణం చెయ్యని వెలుగు పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. అది విడిగా బయలుదేరి ఎక్కడికీ పోదు. ఆ వస్తువును అంటిపెట్టుకుని, కొంచెం దూరంలోనే ఆరిపోతుంది. ఆ కొంచెం దూరంలోకి రెండో వస్తువు వచ్చిందంటే మాత్రం వేడి అమాంతం దాటుతుంది. మామూలు వేడిమిలో ఆ దూరం మిల్లీమీటరులో నూరో వంతుకు అటూఇటూగా ఉంటుంది. మన తలవెంట్రుక అంతకంటె లావు.

ఇది ఊహ కాదు. 2009లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో ఒక గాజు పూసను గాజు పలకకు ముప్ఫై నానోమీటర్ల దగ్గరకు తెచ్చి చూస్తే (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు), ప్లాంకు హద్దుకు వెయ్యి రెట్ల దాకా ఎక్కువ వేడి దాటింది. 2015లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రమోద్ రెడ్డి గారు, ఎడ్గర్ మెయ్‌హోఫర్ గారు తమ సహచరులతో కలిసి రెండు నానోమీటర్ల దగ్గరకు వెళ్ళి కొలిచారు. అంత దగ్గరలోనూ సిద్ధాంతం చెప్పిన లెక్కకు కొలత సరిపోయింది. మొదటి పేరు మన చెవికి దగ్గరి పేరని వేరే చెప్పనక్కరలేదు.

వెలుగు వేడినే కాదు, తోపును కూడా మోస్తుంది. తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యునికి అవతలి వైపే ఎందుకు ఉంటుందని ఆలోచించినవాళ్ళకు పూర్వమే ఈ అనుమానం కలిగింది. ఈ విషయంలో మన తెలుగువారి చేయి కూడా ఉంది. కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం గారు కలకత్తాలో సి.వి.రామన్ గారి దగ్గర పనిచేస్తూ, 1931లో గురువుగారితో కలిసి, వెలుగు కణానికి గిరగిర తిరిగే గుణం ఉందని ప్రయోగంతో చూపించారు. ఆ తర్వాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, ఉస్మానియాకు ఉపాధ్యక్షులుగా పనిచేశారు. మన పిల్లలకు ఆ పేరు తెలియకపోవటం విచారకరం. ఇక 1948లో హాలండు దేశస్థుడు కాసిమీర్ మరో వింత చెప్పాడు. ఏ విద్యుత్తూ లేని రెండు లోహపు పలకలను ఏమీ లేని చోట ఎదురెదురుగా దగ్గరగా ఉంచితే అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో ఏమీ లేదు. కాని ఆ 'ఏమీ లేదు' పలకల మధ్య ఒక రకంగా, బయట మరొక రకంగా ఉంటుంది. 1997లో దీన్ని బాగా కచ్చితంగా కొలిచారు.

(ఇక్కడ చిన్న మాట. శాస్త్రజ్ఞులు చెప్పే ఈ శూన్యం, మన విశ్వాసంలో దేవుడు సృష్టి చేసిన 'ఏమీ లేనితనం' ఒకటి కావు. శూన్యానికి గుణాలున్నాయి, నియమాలున్నాయి. ఏమీ లేనితనానికి ఏ గుణమూ లేదు. రెంటినీ కలిపేసి దేవుడున్నాడని ఒకరు, లేడని మరొకరు ఉపన్యాసాలు చెబుతుంటారు. వాళ్ళను వదిలేద్దాం.)

ఇప్పుడు అసలు విషయం, గది. మన పాటల బృందంవాళ్ళు హార్మోనియం మీద ఒకానొక స్వరం పట్టగానే గుడి కిటికీ అద్దం జిల్లుమంటుంది, మిగతా స్వరాలకు పలకదు. ఖాళీ గదిలో కూనిరాగం తీస్తే ఒక శ్రుతి దగ్గర గదంతా మోగుతుంది. గది కొన్నిటిని పెంచుతుంది, కొన్నిటిని అణుస్తుంది. రెండు మంచి అద్దాలను ఎదురెదురుగా ఉంచి మధ్య దూరాన్ని సరిగ్గా అమర్చితే వెలుగుకు కూడా అలాంటి గది తయారవుతుంది. శాస్త్రజ్ఞులు ఆప్టికల్ క్యావిటీ అంటారు. మనం వెలుగుగది అందాం. పరమాణువు వెలుగును ఎంత త్వరగా వెలువరిస్తుందన్నది దాని సొంత గుణం కాదు, దాన్ని ఉంచిన గదిని బట్టి మారుతుంది అని 1946లో పర్సెల్ అనే అమెరికన్ చెప్పాడు. 1983లో పారిస్‌లో గది వల్ల ఆ వేగం పెరగటం చూశారు. 1985లో అమెరికాలో గది వల్ల అది తగ్గిపోవటం చూశారు. పారిస్‌లో ఆ పని చేసిన వారిలో ఒకరైన సెర్జ్ అరోష్ గారికి 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రెండు ప్రయోగాల మధ్యన, 1984లో, మన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్న గిరీశ్ అగర్వాల్ గారు ఒక లెక్క వేశారు. అద్దాల మధ్య ఖాళీ గదిలో పరమాణువులను ఉంచితే, ఆ ఖాళీ గదితో అవి ఎంత ముడిపడిపోతాయంటే, పరమాణువు పలకవలసిన ఒక్క శ్రుతి రెండుగా చీలిపోతుందని ఆ లెక్క. తర్వాతి ప్రయోగాలలో అలాగే కనబడింది. ఖాళీ గదే. కాని శ్రుతి చీలింది. మన కుర్రవాడు చెప్పిన నలుసుల సంగతి ఈ దారిలోనే వచ్చిన లెక్క.

సెమినరీలో నేర్చుకున్న పాఠం ఒకటి ఇక్కడ నన్ను నిలదీసింది. వస్తువు కదలికకు, విశ్రాంతికి మూలం దాని లోపలే ఉంటుంది, ఆ మూలమే దాని స్వభావం అని అరిస్టాటిలు చెప్పాడు. పునీత తోమా అక్వీనాసు గారు దాన్ని స్వీకరించారు. స్వభావం అనే మన మాటలోనే 'స్వ' ఉంది. వెలుగును వెలువరించటం పరమాణువు స్వభావమని మొన్నమొన్నటి వరకు పుస్తకాలలో రాసుకున్నాం. అది పరమాణువు ఒక్కదాని గుణం కాదని, దానిదీ దాని ఇంటిదీ ఉమ్మడి గుణమని ఇప్పుడు తేలింది. వెలువరించే శక్తి దానిదే. ఎంత, ఎప్పుడు, ఎటు అన్నది మాత్రం ఇంటిని కూడా అడగాలి.

మన పెద్దలు ఈ విషయంలో రెండు సామెతలు చెప్పారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు అనేది ఒకటి. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు అనేది రెండోది. రెండూ ఒకే నోటితో, ఒకే అరుగు మీద చెబుతారు. ఎదుటివాడి కొడుకు చెడిపోతే మొదటి సామెత, మన కొడుకు చెడిపోతే రెండో సామెత.

ఇక నేను ఆ కుర్రవాడికి చెప్పలేకపోయిన సంగతి. చాలా ఏళ్ళ క్రితం, వేరొక విచారణలో పనిచేస్తున్నప్పుడు జరిగింది. పాపసంకీర్తనంలో విన్నది కాదు. గుడి వెనక కొబ్బరిచెట్ల కింద కూర్చుని మాట్లాడుకున్నది. పేరు, ఊరు చెప్పను. అతని ఇంటివారిని అడిగి, సరేనన్న తర్వాతే ఇంతైనా రాస్తున్నాను.

అతను దింపు కార్మికుడు. చెట్టెక్కి కాయలు దింపితే సాయంత్రానికి చేతిలో డబ్బు పడేది. అతని ఇంటికి రెండు ఇళ్ళ అవతల బెల్టు షాపు ఉండేది. పని చేసే జట్టంతా డబ్బు పంచుకునేది ఆ షాపు ముందే. అతను తాగేవాడు. మానేవాడు. మళ్ళీ తాగేవాడు. ఒక తపస్కాలంలో నలభై రోజులూ ముట్టలేదు. పాస్కా పండుగ అయిన తర్వాత ఒక మధ్యాహ్నం నా దగ్గరకు వచ్చి, "ఫాదర్ గారండీ, మా ఆవిడ పుట్టింటి ఊరు వెళ్ళిపోదామనుకుంటున్నానండి. గోదారి అవతల. అక్కడ మా బావమరిది పొలం పనులు చూపిస్తానన్నాడండి. ఇక్కడుంటే నావల్ల కావట్లేదండి" అన్నాడు.

నేను ఏమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఏమయ్యా, పారిపోతే రోగం నయమవుతుందా? మారవలసింది ఊరు కాదు, మనసు. దేవుని కృప ఉంటే సారాకొట్టు పక్కన కూడా నిలబడవచ్చు" అన్నాను. అది మంచి ప్రసంగంలాగా ఉంది. అతను తల ఊపాడు. నా మాట మీద గౌరవంతో ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. పిల్లలు ఉపదేశానికి వస్తున్నారు, భార్య మరియదళంలో ఉంది, మంచి కుటుంబం విచారణ నుంచి పోకూడదనే స్వార్థం కూడా నా మాటలో కొంత ఉందేమో. రెండేళ్ళలో కాలేయం చెడిపోయి అతను చనిపోయాడు. సమాధి ప్రార్థన నేనే చెప్పాను.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏమిటంటే, నేను చెప్పింది శ్రీసభ బోధ కూడా కాదు. మన పాత నీతిశాస్త్ర గ్రంథాలలో పాపానికి దారితీసే సందర్భాలను దూరపు సందర్భం, సమీప సందర్భం అని రెండుగా విడదీసి చెబుతారు. దూరపు సందర్భాలన్నిటినీ తప్పించుకోవాలంటే మనిషి లోకం విడిచి పోవలసిందే. కాబట్టి వాటిని ఎవరూ అడగరు. కాని సమీప సందర్భాన్ని, తప్పించుకోగలిగినప్పుడు, తప్పించుకునే తీరాలి. పాపసంకీర్తనం చేసిన ప్రతిసారీ పశ్చాత్తాప ప్రార్థనలో మనం చేసే ప్రతిజ్ఞ అదే. దూరం ఒక లెక్క, దగ్గర మరొక లెక్క అని మన ఒప్పుకోలు గురువులకు నానోమీటర్లు తెలియని రోజుల్లోనే తెలుసు. రెండిళ్ళ అవతల ఉన్నదాని వేడి, రెండు వీధుల అవతల ఉన్నదాని వేడి ఒకే సూత్రానికి లొంగవు. అతను తన సమీప సందర్భాన్ని తానే గుర్తుపట్టి, విడిచిపోతానని వచ్చాడు. పరీక్షలో ఈ ప్రశ్నకు మంచి మార్కులు తెచ్చుకున్న నేను వద్దన్నాను.

అయితే ఆ కుర్రవాడి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. గోడలే అంతా చేస్తే పాపం ఎవరిది?

ఇందుకు జవాబు అతని నలుసులలోనే కొంత దొరికింది. వేడి నలుసు, చల్ల నలుసు అన్నాడు కదా. రెండింటి వేడీ సమానంగా ఉంటే ఎంత గొప్ప గదిలో పెట్టినా, అద్దాలను ఎన్నిసార్లు జరిపినా, ఒకదాని నుంచి మరొకదానికి నికరంగా ఏమీ దాటదు. ఇవ్వటానికి ఉన్నది నలుసులో ఉండాలి. మంచి అద్దం తనంతట తాను ఏ వేడినీ ఇవ్వదు. పైగా గది ఏ శ్రుతిని పెంచగలదు? నలుసు పలకగలిగిన శ్రుతినే. నలుసులో లేని స్వరాన్ని గది పుట్టించలేదు. తత్వశాస్త్రంలో కారణం వేరు, నియమం వేరు అని చెబుతారు. కిటికీ తెరిస్తే గదిలోకి వెలుతురు వస్తుంది. కిటికీ తెరవటం నియమం. వెలుతురుకు కారణం సూర్యుడు. కిటికీ మూసి ఉంటే సూర్యుడున్నా గది చీకటే, సూర్యుడు లేకపోతే కిటికీ తెరిచినా గది చీకటే. కాని రెండూ ఒకటి కావు.

1984లో రెండవ జాన్ పాల్ పోపు గారు పశ్చాత్తాపం గురించి రాసిన ఉపదేశపత్రంలో ఈ సంగతినే ముట్టుకున్నారు. పరిస్థితి గాని, సంస్థ గాని, సమాజ నిర్మాణం గాని నీతికి సంబంధించిన క్రియకు కర్త కాలేవని, ప్రతి చెడ్డ పరిస్థితి వెనకా పాపం చేసిన మనుషులే ఉంటారని ఆయన బోధించారు. కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1735వ పేరాలో మరోవైపు నుంచి చెబుతుంది. అజ్ఞానం, భయం, బలవంతం, అలవాటు వంటివి మనిషి బాధ్యతను తగ్గించవచ్చు, ఒక్కోసారి తీసివేయనూ వచ్చు. రెంటినీ కలిపి చదవాలి. గోడ పాపి కాదు. గోడల మధ్యనున్నవాడి బాధ్యత ఎంతో గోడలను చూడకుండా తేల్చకూడదు.

ఈ మాట విని సంతోషించేవాళ్ళు కొందరుంటారని తెలుసు. భార్యను కొట్టి, పొద్దున్నే వచ్చి "మా నాన్న కూడా ఇంతేనండి, మా ఇల్లే అంతండి" అని చెప్పినవాళ్ళను నేను చూశాను. అలాంటివాడితో ఒకటే అంటాను. నీ గది సంగతి నీకు ఇంత బాగా తెలుసు కదా, నలుసుకు అది తెలియదు. నలుసు లేచి వేరే గదికి పోలేదు, నువ్వు పోగలవు. ఆ దెబ్బ తగిలినామె, ఆ పిల్లలు మాత్రం ఎక్కడికి పోగలరో చెప్పు. తన గదిని తెలుసుకున్నవాడి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.

యోహాను సువార్తలో బొగ్గుల మంట రెండుసార్లు వస్తుంది. మొదటిది ప్రధానార్చకుని ఇంటి ముంగిట. చలిగా ఉంది. బంట్రోతులు, సేవకులు చుట్టూ నిలబడి చలికాచుకుంటున్నారు, పేతురు వాళ్ళతో కలిసి నిలబడ్డాడు. ఆ చోట, ఆ ముఖాల మధ్య, మూడుసార్లు ప్రభువును ఎరుగనన్నాడు. రెండోది ప్రభువు ఉత్థానమైన తర్వాత సరస్సు ఒడ్డున. అక్కడా బొగ్గులే. వాటి మీద చేపలు, పక్కన రొట్టె. మన ఓడలరేవు వైపు రాత్రంతా వేటకు పోయి తెల్లవారి ఒడ్డుకు వచ్చేవారికి ఆ వాసన ఎలా ఉంటుందో వేరే చెప్పక్కరలేదు. అక్కడ ప్రభువు మూడుసార్లు అడిగితే పేతురు మూడుసార్లు ప్రేమిస్తున్నానన్నాడు. మనిషి అదే పేతురు. మంట అదే మంట. చుట్టూ ఉన్నది మారింది.

ఈ రెండు మంటల గురించి ఎన్నో ప్రసంగాలు చెప్పాను. ఈ నాలుగు వారాలలో మాత్రమే రెండు సంగతులు గమనించాను. కోడి కూసినప్పుడు పేతురు బయటికి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చాడని లూకా సువార్త చెబుతుంది. ఆ ముంగిలి నన్నిలా చేసిందని అతను అనలేదు. అది ఒకటి. ప్రభువు కూడా, నీ మనసు మార్చుకుని ఆ ముంగిట్లోకే మళ్ళీ పోయి అక్కడ నిలబడి చూపించు అని అతన్ని పంపలేదు. తానే తెల్లవారకముందు లేచి, బొగ్గులు రాజేసి, చేపలు కాల్చి, వేరొక చోటు సిద్ధం చేసి పిలిచాడు. అది రెండు. మొదటి సంగతిని నేను ఎప్పుడూ ప్రజలకు చెబుతూ వచ్చాను. రెండోది గురువునైన నేను చేయవలసిన పని. అది చేయలేదు.

గది మార్చటం ఒక్క మనిషి వల్ల కాని పని కూడా కావచ్చు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992 ప్రాంతంలో తమ మగవాళ్ళకు నీతులు చెప్పటం చాలించి సారా కొట్టునే ఊళ్ళోంచి తరిమారు. ఆ వేడి రాష్ట్రమంతా పాకి 1993లో సారాయి నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. చట్టం ఒక్కటే గోడ కడితే నిలవదని కొందరు దాన్నుంచి పాఠం తీస్తారు. నిజమే కావచ్చు. కాని ఆ రెండు మూడేళ్ళు రాత్రిపూట తన్నులు లేకుండా నిద్రపోయిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళను అడగకుండా ఆ పాఠం పూర్తయిందనటం నాకిష్టం లేదు.

మన విచారణ పెద్దలతో ఈ మధ్య మాట్లాడాను. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా గుడి పక్క హాలు తెరిచి ఉంచుదామన్నాను. దింపు జట్లు, వలుపు జట్లు డబ్బు పంచుకునేది అక్కడ పంచుకోవచ్చు, క్యారమ్స్ బోర్డు ఉంటుంది, టీ ఉంటుంది. ప్రసంగం ఉండదు. ఆ షరతు పెట్టింది ఒక పెద్దాయన. "ఆయ్, తమరు మాట్లాడకుండా ఉంటానంటే జనం వస్తారండి" అన్నాడు. మొదటిరోజు ఇద్దరు వచ్చారు. ఒకరు క్యారమ్స్ ఆడి వెళ్ళారు. ఇంకొకరు టీ తాగి, ఇక్కడి నుంచే షాపుకు వెళ్ళారు.

కుర్రవాడికి జవాబు చెప్పటానికి ముందు, మూడో వారంలో, గోదావరి దాటి ఆ దింపు కార్మికుని భార్య ఊరు వెళ్ళాను. ఆయన పోయిన తర్వాత ఆమె పిల్లలను తీసుకుని అక్కడికే వెళ్ళిపోయింది. పెద్దవాడికి పెళ్ళయింది. నేను వస్తున్నానని కబురు చేయటంతో పొద్దుటే టీ కాచి ఫ్లాస్కులో పోసి ఉంచింది. నేను చెప్పదలచుకున్నది చెప్పాను. ఆ రోజు మీ ఆయనకు తప్పు సలహా ఇచ్చానమ్మా, క్షమించమని అడగటానికి వచ్చానన్నాను. ఆమె కాసేపు గ్లాసులు సర్దుతూ ఉండిపోయింది.

"ఇక్కడికొస్తే బతికేవారో లేదో నాకూ తెలీదండి ఫాదర్ గారూ. ఇక్కడా కొట్టు ఉందండి, ఊరి చివర. కాని వస్తానని ఆయనే అడిగారు కదండీ. ఒకసారి తీసుకొచ్చి చూడాల్సిందండి" అంది.

టీ వేడిగానే ఉంది. నేను తాగేదాకా ఆమె ఇంకేమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.